ఎవర్‌నోట్ నిండిపోయింది, ఇప్పుడు ఎటు వెళ్ళాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఎవర్‌నోట్‌లో పాత నోట్స్ నాలుగు వందల దాకా ఉన్నాయి, ఉచిత ప్లాన్ 50 దగ్గర ఆపేస్తోంది కాబట్టి కొత్తది రాయనివ్వడం లేదు. ఆఫీసులో విండోస్ ల్యాప్‌టాప్, మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోను, మీ శ్రీమతి గారిది ఐఫోను. సరుకుల చిట్టా, నాన్నగారి మందులు, నల్గొండ దగ్గర పొలం వివరాలు, ఆఫీసు మీటింగులు అన్నీ ఒకే యాప్‌లో ఉండాలి, సగం తెలుగులో రాస్తారు. నోషన్, అబ్సిడియన్, గూగుల్ కీప్, వన్‌నోట్‌లలో ఏది తీసుకోవాలి?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. సరుకులకీ, ఆ పూట గుర్తుంచుకోవాల్సిన వాటికీ గూగుల్ కీప్. ఏళ్ళ తరబడి దాచుకోవాల్సిన వాటికి జోప్లిన్ (మీరు అడిగినవాటిలో లేని ఇంకో నోట్స్ యాప్), లేదా కాస్త సెట్టింగులతో కుస్తీ పట్టే ఓపిక ఉంటే అబ్సిడియన్. ఆఫీసు మీటింగులు ఆఫీసు వాళ్ళిచ్చిన వన్‌నోట్‌లోనే ఉండనివ్వండి. నోషన్ మీకు అక్కర్లేదు. ఇన్నేళ్ళుగా చాలామందికి ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి నోట్స్ మార్చి పెడుతున్నాను, ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

"అన్నీ ఒకే యాప్‌లో" అన్న షరతు ముందు తీసేయండి. మనం రాసుకునేవాటిలో రెండు రకాలు ఉంటాయి. పని అవగానే చెరిపేసేవి కొన్ని: పాలు, కొత్తిమీర, గ్యాస్ బుక్ చేయాలి, సాయంత్రం ప్లంబరుకి ఫోన్ చేయాలి. ఎప్పుడో మూడేళ్ళకి అవసరం పడేవి కొన్ని: పొలం సర్వే నంబరు, నాన్నగారికి ఏ మందు పడలేదు, ఏసీ ఎప్పుడు కొన్నాం, అద్దెకిచ్చిన వాళ్ళతో ఏం మాట్లాడుకున్నాం. మొదటి రకానికి కావాల్సింది వేగం. ఫోను తీసిన రెండు సెకన్లలో రాయడం మొదలెట్టలేకపోతే మీరు ఆ యాప్ వాడరు, ఎంత గొప్పదైనా సరే. రెండో రకానికి ఆ వేగంతో పని లేదు, వెతికితే దొరకాలి అంతే. ఈ రెండిటినీ ఒకదాంట్లో కుక్కితే ఆర్నెల్లు తిరిగేసరికి సరుకుల చిట్టాల అడుగున సర్వే నంబరు మునిగిపోతుంది, వెతికి విసుగొచ్చి "ఈ యాప్ బాలేదు" అని ఇంకోదానికి మారతారు, అక్కడా ఇదే జరుగుతుంది.

వాట్సాప్‌లో తమకు తామే మెసేజ్ పెట్టుకునేవాళ్ళు మనలో చాలామంది. 2022 నవంబరులో ఆ సౌకర్యం అధికారికంగా వచ్చింది, అంతకు ముందు ఒక్కరే సభ్యులుగా గ్రూపులు పెట్టుకునేవాళ్ళు. హడావిడిలో ఒక నంబరు పడేయడానికి అది బాగానే ఉంటుంది, తప్పు పట్టను. కానీ దాన్నే బీరువాగా వాడకండి. అక్కడ పడేసింది సాయంత్రానికల్లా దాని చోటికి చేరాలి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఇచ్చే 15 జీబీలోనే లెక్క అవుతుంది కూడా, చోటు నిండి బ్యాకప్ ఆగిపోతే చాలామంది గమనించరు.

ఇక అసలు విషయం, తెలుగులో వెతకడం. ఏ యాప్ పోలిక చూసినా రంగులు, టెంప్లేట్లు, ధరలు చెబుతారు గానీ ఇది చెప్పరు, మనకేమో రోజూ తగిలేది ఇదే. "పుస్తకం" అని వెతికితే "పుస్తకాలు", "పుస్తకానికి" దొరకవు, ఎందుకంటే కంప్యూటరు లెక్కలో చివరి సున్నా ఒక అక్షరం, అది బహువచనంలో ఉండదు. సున్నా తీసేసి "పుస్తక" అని వెతికితే మూడూ వస్తాయి. "ఇల్లు" అయితే ఇంకా కష్టం, "ఇంటి", "ఇళ్ళు" దాని పోలికలోనే ఉండవు. "నీళ్ళు" అని ఒక రోజు, "నీళ్లు" అని ఇంకో రోజు రాస్తాం, కంటికి రెండూ ఒకటే, యాప్‌కి వేరు. "డాక్టర్", "డాక్టరు", "కరెంట్", "కరెంటు" కూడా అంతే. "ఫోన్‌లో" అని రాసినప్పుడు న్ పక్కన కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు ఉంటుంది, "ఫోన్లో" అని వత్తు పడేలా రాస్తే ఆ గుర్తు ఉండదు. ఒకదాంతో వెతికితే రెండోది రాదు. ఫోను కీబోర్డు ఒకలా, ల్యాప్‌టాప్ కీబోర్డు ఇంకోలా ఇస్తే మీకు తెలియకుండానే మీ నోట్స్‌లో రెండు రకాలూ పోగుపడతాయి.

అందుకని ఏ యాప్ అయినా సరే, ఖాతా తెరిచిన మొదటి పది నిమిషాల్లో ఒక పరీక్ష పెట్టండి. తెలుగులో మూడు నోట్స్ రాయండి, ఒకదాంట్లో "మందులు", ఒకదాంట్లో "మందుల షాపు", ఒకదాంట్లో "బీపీమందు" అని కలిపి. తర్వాత "మందు" అని వెతకండి. మూడూ వస్తే ఆ యాప్ మాట మధ్యలో కూడా వెతుకుతోందని అర్థం, మన భాషకి అదే కావాలి. మొదటి రెండే వస్తే మాట మొదలు మాత్రమే చూస్తోంది, దాంతో సర్దుకుపోవచ్చు. ఒక్కటీ రాలేదంటే మీరు తెలుగులో రాసేవాళ్ళు కాబట్టి ఆ యాప్ మీకు పనికిరాదు, ఇంకేమీ చూడక్కర్లేదు. ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ విడివిడిగా చేసి చూడండి, ఒకే యాప్ రెండు చోట్లా ఒకేలా వెతకాలని ఏమీ లేదు. పనిలో పని, మీ దగ్గర పాత అను ఫాంట్లలో టైపు చేయించిన దస్తావేజులు ఏమైనా ఉంటే అవి నేరుగా అతికించకండి. అవి యూనికోడ్ (ఏ ఫోనైనా, కంప్యూటరైనా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు, కంప్యూటరుకి ఇంగ్లిష్ అక్షరాల గజిబిజిగా కనిపిస్తాయి, ఎప్పటికీ వెతకలేరు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, చదివి సరిచూసుకున్నాకే పెట్టుకోండి.

తర్వాత చూడాల్సింది, రేపు బయటికి రావాలంటే ఏం చేతికిస్తారు అన్నది. ఎవర్‌నోట్ 2008లో వచ్చింది, ఒకప్పుడు నోట్స్ అంటే అదే. ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ దాన్ని కొనుక్కుంది, 2023లో పాత ఉద్యోగుల్ని చాలావరకు తీసేశారు, ఆ ఏడాది డిసెంబరులో ఉచిత ప్లాన్‌ని 50 నోట్స్‌కి, ఒకే నోట్‌బుక్‌కి కుదించారు. అది వాళ్ళ వ్యాపారం, వాళ్ళిష్టం. చేయాల్సిన పనుల చిట్టాలకి ఎంతోమంది వాడిన వండర్‌లిస్ట్‌ని మైక్రోసాఫ్ట్ కొని 2020లో మూసేసింది. చదవాల్సినవి దాచుకునే పాకెట్‌ని మొజిల్లా 2025 జూలైలో మూసేసింది. వీటిలో ఏదీ చిన్నాచితకా కంపెనీ కాదు. కాబట్టి ఏ కంపెనీ నిలబడుతుందో ఊహించే పని పెట్టుకోకండి. ఎవరు ఎప్పుడు మూసినా మీ అక్షరాలు మీ దగ్గర మామూలు ఫైళ్ళుగా మిగులుతాయా లేదా అది చూడండి.

ఇప్పుడు ఒక్కోదాని సంగతి.

గూగుల్ కీప్ 2013 నుంచి ఉంది. తెరవగానే రాయొచ్చు, టిక్ పెట్టే చిట్టాలు ఉంటాయి, మీ శ్రీమతి గారి ఐఫోనులో కూడా అదే యాప్ దొరుకుతుంది, ఆవిడ జీమెయిల్ కలిపితే ఒకే సరుకుల చిట్టా ఇద్దరికీ కనిపిస్తుంది. మీరు సూపర్‌మార్కెట్‌లో టిక్ పెడుతుంటే ఆవిడ ఇంట్లోంచి ఇంకోటి చేర్చొచ్చు. ఇంటికి ఇంతకన్నా పనికొచ్చే సౌకర్యం నాకు ఏ ఖరీదైన యాప్‌లోనూ కనిపించలేదు. పెద్ద నోట్స్‌కి మాత్రం కీప్ పనికిరాదు. ఒక నోట్‌లో దాదాపు 20,000 అక్షరాలకి మించి పట్టవు, ఫోల్డర్లు లేవు, లేబుళ్ళే. చెరిపేసింది చెత్తబుట్టలో 7 రోజులే ఉంటుంది, ఆ తర్వాత పోయినట్టే. సరుకుల చిట్టాకి అది చాలు, పొలం వివరాలకి చాలదు. మొత్తం బయటికి తీసుకోవాలంటే గూగుల్ టేకౌట్‌లో (గూగుల్ దగ్గరున్న మీ డేటా దించుకునే పేజీ) దొరుకుతుంది.

నోషన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే యూట్యూబ్‌లో చూసి మనసు పారేసుకునేది దానిమీదే. మంచి సాఫ్ట్‌వేరే. పదిమంది కలిసి పనిచేసే చోట, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో పట్టికలో చూసుకోవాల్సిన చోట దాన్ని మించింది తక్కువ. కానీ అందులో ప్రతి పేరా ఒక బ్లాకు, పట్టికలు ఎక్కువగా డేటాబేసులే. ఇంటి పనుల కోసం కూర్చుంటే ముందు ఇంటినంతా డేటాబేస్‌గా మార్చాల్సి వస్తుంది. రెండు శనాదివారాలు టెంప్లేట్లు సర్దడంలో గడిచిపోతాయి, మందుల పేర్లు మాత్రం రాసుకోవడం అవ్వదు. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లలో తెరుచుకోవడం నిదానం. నెట్ లేకుండా పనిచేయడం 2025 ఆగస్టులో గానీ రాలేదు, అది కూడా ఉచిత ప్లాన్‌లో ఏ పేజీ కావాలో ముందే మీరు గుర్తు పెట్టుకోవాలి. ఊళ్ళో సిగ్నల్ లేని చోట పట్వారీ కాలం నాటి నంబరు ఎవరో అడిగినప్పుడు, ముందే గుర్తు పెట్టుకోని పేజీ అయితే తెరుచుకోదు. మీరే వ్యాపారం నడుపుతూ ఉంటే, ఒక బృందం ఉంటే నోషనే తీసుకోమనేవాణ్ణి. మీరు చెప్పినదాన్నిబట్టి వద్దు.

వన్‌నోట్ 2003లో ఆఫీసుతో పాటు వచ్చింది, 2014 నుంచి ఉచితం. పెన్నుతో రాసే టాబ్లెట్ ఉన్నవాళ్ళకి, చదువుకునే పిల్లలకి ఇదే చెబుతాను. పేజీలో ఎక్కడైనా రాయొచ్చు, బొమ్మ పక్కన లెక్క, లెక్క పక్కన ఫోటో. ఉచిత ఖాతాలో 5 జీబీ ఇస్తారు. కష్టం రెండు చోట్ల. ఒకటి, బయటికి తీయడం. పీడీఎఫ్‌గానో దాని సొంత ఫార్మాట్‌లోనో వస్తుంది, మామూలు అక్షరాల ఫైలుగా తేలిగ్గా రాదు. రెండోది ఇంకా ముఖ్యం: ఆఫీసు ఈమెయిల్‌తో తెరిచిన వన్‌నోట్ ఆఫీసుది. ఉద్యోగం మానేసిన రోజున ఖాతా మూస్తారు, అందులో ఉన్న మీ ఇంటి నోట్స్ కూడా దాంతోపాటే పోతాయి. ఐటీ విభాగాన్ని బతిమాలి తెచ్చుకున్నవాళ్ళనీ చూశాను, తెచ్చుకోలేకపోయినవాళ్ళనీ చూశాను. మీటింగులవి అక్కడే ఉండనివ్వండి, నాన్నగారి మందులు మాత్రం ఒక్క రోజు కూడా అక్కడ ఉంచొద్దు.

అబ్సిడియన్ 2020లో వచ్చింది. ఇందులో ప్రతి నోట్ మీ కంప్యూటర్లో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, మార్క్‌డౌన్ అంటారు. రేపు అబ్సిడియన్ కంపెనీ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. సొంత వాడకానికి ఉచితం, 2025 ఫిబ్రవరి నుంచి ఆఫీసు వాడకానికీ ఉచితమే. వెతుకుడు మాట మధ్యలో కూడా పట్టుకుంటుంది, తెలుగుకి అది పెద్ద ఊరట. ఇబ్బంది ల్యాప్‌టాప్‌కీ ఫోనుకీ మధ్య ఫైళ్ళు కలపడంలో ఉంది. వాళ్ళ సింక్‌కి ఏడాదికి ఒకేసారి కడితే నెలకి 4 డాలర్లు. డబ్బు పెట్టకుండా చేయాలంటే సింక్‌థింగ్ లాంటి ఫైళ్ళు కలిపే యాప్‌లు గానీ, ప్లగిన్లు (యాప్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) గానీ వాడాలి. అవి పనిచేస్తాయి గానీ ఎప్పుడో ఒకప్పుడు ఒకే నోట్‌కి రెండు కాపీలు తయారవుతాయి, ఏది కొత్తదో మీరే కూర్చుని చూసుకోవాలి. ఇంకో చిన్న జాగ్రత్త: ఆండ్రాయిడ్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి విడివిడిగా 3 బైట్లు పడతాయి, అంటే అన్నీ కలిపి 85 దాటకూడదన్నమాట. ఒక వాక్యమంతా నోట్ పేరుగా పెట్టే అలవాటు ఉంటే ల్యాప్‌టాప్‌లో బాగానే ఉండి ఫోనుకి రాకుండా ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో అర్థంకాక తల పట్టుకుంటారు. పేర్లు పొట్టిగా పెట్టుకోండి.

జోప్లిన్ చూడటానికి సాదాగా ఉంటుంది, పాతకాలం ముఖం. కానీ మీ ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ సరిగ్గా సరిపోయేది అదే. ఓపెన్ సోర్సు (ప్రోగ్రాము లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు), ఉచితం. మీకు ఇప్పటికే ఉన్న వన్‌డ్రైవ్‌నో డ్రాప్‌బాక్స్‌నో చూపిస్తే వాటి ద్వారా ఫోనూ ల్యాప్‌టాపూ కలుస్తాయి, ప్లగిన్లతో పని లేదు. ఎవర్‌నోట్ ఫైళ్ళని నేరుగా తీసుకుంటుంది. మొత్తం తాళం వేసే ఎన్‌క్రిప్షన్ ఉంది, సెట్టింగుల్లో మీరే ఆన్ చేయాలి. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లో ముఖ్యమైన కాగితాలతో పాటు పెట్టండి, ఎందుకంటే మర్చిపోతే తెరిచి ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఇద్దరు కలిసి ఒకే నోట్ వాడాలంటే మాత్రం వాళ్ళ డబ్బులు కట్టే క్లౌడ్ కావాలి. అందుకే కలిసి వాడే సరుకుల చిట్టా కీప్‌లో పెట్టమన్నది.

ఇంట్లో అందరివీ ఐఫోన్లే అయితే ఇదంతా చెప్పేవాణ్ణి కాదు, యాపిల్ నోట్స్ చాలనేవాణ్ణి. మీ ల్యాప్‌టాప్ విండోస్, మీ ఫోను ఆండ్రాయిడ్, కాబట్టి కుదరదు. శాంసంగ్ నోట్స్ కూడా అంతే, ఫోను కంపెనీ మారిస్తే చిక్కు. ఏఐ సారాంశాలు రాసిపెడుతుందని ఎవరైనా చెబితే ఆ ఒక్కదాని కోసం యాప్ మార్చకండి, మీ నాలుగు వందల నోట్స్‌కి సరైన పేర్లు ఉంటే అంతకన్నా త్వరగా దొరుకుతాయి. వంద రకాల లింకులు పెట్టి నోట్స్‌ని గూడులా అల్లే పద్ధతులు కూడా మీకు అక్కర్లేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ దాదాపు 90,000 చీటీలు అలా అల్లాడంటే అది పుస్తకాలు రాయడానికి, ఇల్లు నడపడానికి కాదు.

పేర్లు ఎలా పెట్టాలి, లోపల ఏం రాయాలి అన్నదే యాప్ కన్నా ఎక్కువ తేడా చేస్తుంది. ఉదాహరణకి మందుల నోట్ ఇలా ఉండాలి (మందుల పేర్లు నమూనాకే, మీ డాక్టరు గారు రాసినవే మీరు రాసుకోండి):

నాన్న మందులు, బీపీ, షుగరు, బిపి, సుగర్, డాక్టర్, డాక్టరు
ఇప్పుడు వాడుతున్నవి
మెట్‌ఫార్మిన్ 500, ఉదయం 1, రాత్రి 1, తిన్నాక
టెల్మిసార్టాన్ 40, ఉదయం 1
మార్పులు
2025-03-12 టెల్మిసార్టాన్ 20 నుంచి 40 చేశారు. ఇంట్లో చూస్తే బీపీ 150/95 వస్తోంది.
2024-11-05 అమ్లోడిపిన్ ఆపేశారు. కాళ్ళ వాపులు వచ్చాయి.

మొదటి వరస చూడండి, ఒకే మాటని రెండు మూడు రకాలుగా రాశాను. అది వెతుకుడు కోసం. మీరు ఏ రోజు ఏ స్పెల్లింగుతో వెతికినా ఈ నోట్ తగలాలి. తేదీ ఏడాదితో మొదలుపెట్టాను, అలా రాస్తే ఎక్కడైనా వరసలో నిలబడతాయి. కొత్తది పైన, పాతది కింద. అన్నిటికన్నా విలువైనది చివరి వరస. ఏ మందు వాడుతున్నారో చీటీ మీద ఉంటుంది, ఎవరైనా చెప్పగలరు. ఏ మందు ఎందుకు ఆపారో మాత్రం ఏ చీటీలోనూ ఉండదు. రాత్రి పూట వేరే ఊళ్ళో వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సి వస్తే, ఆయన మళ్ళీ అదే అమ్లోడిపిన్ రాయబోతుంటే, ఈ ఒక్క వరస చూపిస్తే చాలు. ఈ నోట్ ఒక్కటీ నెట్ లేకపోయినా ఫోనులో తెరుచుకోవాలి, ఇంట్లో ఇంకొకరి ఫోనులో కూడా ఉండాలి. కీప్‌లో ఒక కాపీ పెట్టి మీ శ్రీమతి గారితో పంచుకోండి, రెండు చోట్ల మార్చడం శ్రమే అయినా ఈ నోట్ విషయంలో ఆ శ్రమ పడాల్సిందే.

పొలం నోట్‌లో లింకులు కాదు, నంబర్లు రాయండి. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూ భారతి వచ్చింది. కరెంటు వాళ్ళ సైటు పేరు కూడా 2024లో టీఎస్ నుంచి టీజీకి మారింది. పోర్టల్ పేజీ లింకు మాత్రమే దాచుకుంటే మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాలి. సర్వే నంబరు, ఖాతా నంబరు, విస్తీర్ణం ఎకరాలు గుంటల్లో, గ్రామం, మండలం, పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉంది, ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) చివరిసారి ఎప్పుడు తీశారు, అసలు కాగితాలు ఏ బీరువాలో ఏ అరలో ఉన్నాయి. ఈ ఆఖరిది చాలామంది రాయరు, ఇంటి పెద్ద ఉన్నట్టుండి ఆసుపత్రిలో పడితే అప్పుడు ఇల్లంతా వెతుకుతారు. పాస్‌బుక్ ఫోటో తీసి పెడితే చాలదా అంటే, ఫోటోలోని అక్షరాలు అన్ని యాప్‌లూ వెతకలేవు, తెలుగైతే ఇంకా తక్కువ. గూగుల్ లెన్స్‌తో అచ్చు తెలుగు అక్షరాలు లాగొచ్చు, కానీ అంకెలు ఒక్కొక్కటీ అసలు కాగితంతో పోల్చుకోండి. 3 కాస్తా 8 అయినా పొలం ఇంకొకరిది అయిపోతుంది.

ఏవి పెట్టకూడదో కూడా చెప్పాలి. బ్యాంకు పాస్‌వర్డులు, ఏటీఎం పిన్, కార్డు వెనక ఉండే మూడు అంకెలు ఏ నోట్స్ యాప్‌లోనూ వద్దు. కీప్, నోషన్, ఎవర్‌నోట్ ఇవేవీ మీ ఒక్కరికే తెరుచుకునేలా తాళం వేసినవి కావు. 2013లో ఎవర్‌నోట్‌లోకి ఎవరో చొరబడితే దాదాపు 5 కోట్ల మంది పాస్‌వర్డులు మార్పించాల్సి వచ్చింది. పాస్‌వర్డులకి బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డులు దాచే యాప్ విడిగా పెట్టుకోండి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, ఆర్సీ ఫోటోలు తీసి నోట్స్‌లో పెట్టే పని కూడా లేదు, డిజీలాకర్ 2015 నుంచి ఉంది, అందులోకి సంబంధిత శాఖే పంపిన పత్రాలకి చట్టప్రకారం అసలు పత్రాలతో సమానమైన విలువ ఉంది, మీరు తీసిన ఫోటోకి లేదు.

మార్చే పని ఒక ఆదివారం పెట్టుకోండి. 50 దాటినా మీ పాత నోట్స్ చదవడానికి, మార్చడానికి, బయటికి తీయడానికి ఎవర్‌నోట్ అడ్డు చెప్పదు, కొత్తవి మాత్రమే రాయనివ్వదు, కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. ఎగుమతి ఫోనులో కుదరదు, ల్యాప్‌టాప్‌లో ఎవర్‌నోట్ యాప్ వేసుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇది సొంత విషయం, ఇంట్లో ఎవరిదైనా కంప్యూటర్లో చేయండి. ఎవర్‌నోట్‌లో ఏ నోట్‌లోనైనా కొన్ని అక్షరాలకి తాళం వేసి ఉంటే ముందు అది తీసేయండి, లేకపోతే అవతల చదవరాని ముద్దగా వస్తుంది. తర్వాత ఒక్కో నోట్‌బుక్‌నీ విడిగా ఎనెక్స్ ఫైలుగా (ఎవర్‌నోట్ సొంత ఎగుమతి ఫార్మాట్) ఎగుమతి చేసి, ఫైలుకి ఆ నోట్‌బుక్ పేరే పెట్టండి. అన్నీ కలిపి ఒకే ఫైలు చేస్తే నోట్‌బుక్‌ల విభజన పోయి నాలుగు వందలూ ఒకే కుప్పగా పడతాయి. జోప్లిన్‌లో దిగుమతి చేసుకునేటప్పుడు మార్క్‌డౌన్‌గానా, హెచ్‌టీఎంఎల్‌గానా (వెబ్ పేజీల ఫార్మాట్) అని రెండు దారులు చూపిస్తుంది, మార్క్‌డౌన్ తీసుకోండి, వెబ్ పేజీలు యథాతథంగా క్లిప్ చేసినవి ఉంటే ఆ నోట్‌బుక్ ఒక్కటీ హెచ్‌టీఎంఎల్‌లో తీసుకోవచ్చు. అబ్సిడియన్ అయితే ఇంపోర్టర్ అనే వాళ్ళ సొంత ప్లగిన్ ఇదే పని చేస్తుంది.

దిగుమతి అయ్యాక ఎవర్‌నోట్‌లో ఎన్ని ఉన్నాయి, ఇక్కడ ఎన్ని వచ్చాయి అన్న లెక్క చూడండి. తర్వాత ఫోటోలున్న నోట్ ఒకటి, పీడీఎఫ్ జతచేసింది ఒకటి, పట్టిక ఉన్నది ఒకటి, పూర్తిగా తెలుగులో రాసింది ఒకటి తెరిచి చూడండి. ఈ నాలుగూ బాగుంటే మిగతావీ దాదాపు బాగున్నట్టే. ఒక నోట్ నుంచి ఇంకో నోట్‌కి పెట్టిన లింకులు తెగిపోవచ్చు, వాటిని అవసరం పడినప్పుడు ఒక్కొక్కటిగా సరిచేసుకుంటే చాలు. నాలుగు వందలకీ ఒకేసారి పేర్లు మార్చాలని కూర్చోకండి. ఏదైనా నోట్ నిజంగా అవసరమై తెరిచినప్పుడు దాని పేరు, మొదటి వరస సరిచేయండి. మూడు నెలల్లో మీరు నిజంగా వాడేవన్నీ బాగుపడతాయి.

ఆ ఎనెక్స్ ఫైళ్ళు చెరపొద్దు, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మీ డ్రైవ్‌లో ఒక కాపీ ఉంచండి. ఎవర్‌నోట్ ఖాతా కూడా కనీసం వచ్చే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల సీజను దాటేదాకా మూయకండి, పాత రసీదు ఏదో ఒకటి అప్పుడే అవసరం పడుతుంది. జోప్లిన్ వేసుకున్నాక తెలుగు వెతుకుడు పరీక్ష మీ ఫోనులో ఎలా వచ్చిందో ఇక్కడ రాయండి, సరిగ్గా రాకపోతే ఏ సెట్టింగు చూడాలో చెబుతాను.